ఎడమ ప్రక్క కన్ను



పోయిన వర్షాకాలంలో ఒక పెండ్లికి వెళ్ళి, మా సంఘస్థుడైన ఒక తమ్ముని కారులో తిరిగి వస్తున్నాము. నేను ముందు సీటులో ఎడమ ప్రక్కన కూర్చున్నాను. తారురోడ్డు దిగి మా ఊరి బాటలోనికి మళ్ళవలసి వచ్చింది. తమ్ముడు ఎడమ సిగ్నలు వేశాడు. వేయగానే ఎదుటనున్న తెరమీద ప్రక్కనున్న రోడ్డు కనబడాలి. కనబడినది బురద మరక. అతడు ఆ మరకవంక ఒక్క క్షణం చూశాడు. ఆ క్షణంలోనే సైకిలు వెనుక పచ్చగడ్డి మోపు కట్టుకొన్న ఒక పెద్దాయన నా తలుపు ప్రక్కకు వచ్చేశాడు. నేను కేక వేశాక బ్రేకు పడింది. మోపు కారుకు రాసుకొని కొంత గడ్డి రాలింది గాని ఆయనకు దెబ్బ తగలలేదు. ఆయన మమ్మల్ని అన్న మాటలు ఇక్కడ వ్రాయను. అవి అనవలసిన మాటలే.

"కెమెరా ఉంది గదా అని నమ్మానండి అయ్యగారూ" అన్నాడు తమ్ముడు, చేతులు వణుకుతుండగా.

ఈ కెమెరా సంగతి కొంత చెప్పాలి. కారు లోపలి అద్దం సూటిగా వెనుకనున్నది చూపుతుంది. ప్రక్క అద్దాలు ఒక్కొక్క సన్నని పట్టీని చూపుతాయి. ఈ రెంటికీ అందక, మన కంటి చివరకూ అందక, వెనుక తలుపు దగ్గర కొంత చోటు మిగులుతుంది. డ్రైవర్లు దానిని బ్లైండ్ స్పాట్ అంటారు. ఒక మోటారు సైకిలు అందులో పూర్తిగా దాగిపోగలదు. మన దేశంలో నడిపేవాడు కుడివైపున కూర్చుంటాడు గనుక ఎడమ ప్రక్క అతనికి మరింత దూరం. సైకిళ్ళు, నడిచేవారు, గొర్రెలు ఉండేది ఆ ప్రక్కనే.

హోండా కంపెనీ 2013 మోడలు అకార్డ్ కారులో దీనికి ఒక ఉపాయం చేసింది. పేరు లేన్‌వాచ్. అమెరికాలో డ్రైవరు ఎడమన ఉంటాడు గనుక అక్కడ కుడి అద్దం క్రింద చిన్న కెమెరా పెట్టారు. ఆ ప్రక్క సిగ్నలు వేస్తే మధ్యనున్న తెరమీద బొమ్మ వస్తుంది. దూరం అంచనాకు గీతలు కూడా ఉంటాయి. మామూలు అద్దం చూపేదానికి సుమారు 4 రెట్ల వెడల్పు కనబడుతుంది. చూసినవారు మెచ్చుకొన్నారు.

అయినా అమెరికాలో 2018 మోడలు అకార్డ్ నుండి దానిని తీసివేశారు. కారణాలు వెదకనక్కరలేదు. అది ఒక ప్రక్కనే చూపుతుంది. సిగ్నలు వేస్తేనో మీట నొక్కితేనో మాత్రమే చూపుతుంది. దారి చూపే పటం అదే తెరమీద ఉంటే దానిని కప్పేస్తుంది. అన్నిటికంటె పెద్ద లోటు, అది హెచ్చరించదు. చూడవలసినది మనమే, అదీ రోడ్డు విడిచి మధ్యకు చూడాలి. దాని చోటికి రాడారు వచ్చింది. వెనుక బంపరు రెండు మూలలలో దాగియుండి, ఎవరైనా ప్రక్కకు వస్తే అద్దంలో చిన్న దీపం వెలిగిస్తుంది. అప్పుడు సిగ్నలు వేస్తే చప్పుడు కూడా చేస్తుంది.

మన దేశంలో కథ కొంచెం వేరు. 2020లో వచ్చిన హోండా సిటీలోను, 2023లో వచ్చిన ఎలివేట్‌లోను లేన్‌వాచ్ ఇచ్చారు, ఎడమ అద్దం క్రింద. 2019 ఆగస్టులో మన పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుండి వచ్చిన సెల్టోస్‌లో, ఖరీదైన రకానికి, రెండు ప్రక్కలా కెమెరాలు పెట్టారు. బొమ్మ స్టీరింగు వెనుక, స్పీడు చూపే చోటనే వస్తుంది. మధ్యకు తిరిగి చూడనక్కరలేదు. ఇది మెరుగైన ఆలోచన అని నా అభిప్రాయం. మన బజారుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ప్రక్కన ఉంటారు గనుక రాడారు దీపం ఆరకుండా వెలిగితే దానినెవరు లెక్కచేస్తారు? బొమ్మయితే ఉన్నది మనిషో స్తంభమో చెబుతుంది, తుడిచి ఉంచితే.

ఖర్చులేని ఉపాయం ఒకటుంది. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికా ఇంజనీరు అద్దాలు అమర్చే పద్ధతి వ్రాశాడు. మనకు వర్తింపజేస్తే ఇలా ఉంటుంది. తలను కుడి కిటికీకి ఆనించి, కుడి అద్దంలో కారు అంచు కొద్దిగా మాత్రమే కనబడేటట్లు బయటికి త్రిప్పండి. తలను కారు మధ్యకు వంచి ఎడమ అద్దాన్ని అట్లే చేయండి. తిన్నగా కూర్చుంటే మీ కారు మీకు కనబడదు. లోపలి అద్దం విడిచిన బండి ప్రక్క అద్దంలోకి, అది విడిచినది కంటి చివరకు వస్తుంది. ఇవి చేసినా మళ్ళేముందు ఒకసారి మెడ త్రిప్పాలి.

తమ్మునికి ఇదంతా చెప్పాను. మరుసటి ఆదివారం వాకిట్లో తువాలు తడిపి కెమెరా తుడుస్తూ కనబడ్డాడు. తరువాత సీటులో కూర్చొని అద్దాలు అటూ ఇటూ త్రిప్పి, తల బయటపెట్టి అడిగాడు. "అయ్యగారూ, నా కారు నాకే కనబడడం లేదేమిటండీ?"