భేజ్జి చేతుల నొప్పి వయసు నొప్పి కాదు

భేజ్జి పేరు మన పత్రికల్లో కనిపించిందంటే అక్కడ ఎవరో చనిపోయారని అర్థం. 2017 మార్చి 11న ఇంజరం–భేజ్జి రోడ్డు పనికి కాపలా వెళ్లిన సీఆర్పీఎఫ్ జవాన్లు 12 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. ఆ వారం పాటు దేశానికి భేజ్జి ఎక్కడుందో తెలిసింది. అంతకు ముందు సల్వాజుడుం కాలంలోనూ అంతే. మన యూనివర్సిటీల్లో బస్తర్ మీద వచ్చే పరిశోధన కూడా ఈ లెక్కనే నడుస్తుంది: తుపాకీ, క్యాంపు, గని, స్థానభ్రంశం. నేనూ అలాంటి సెమినార్ పేపర్లు రాసినవాణ్ణే. అక్కడి మనిషికి మణికట్టు ఉంటుందని, అది నొప్పి పెడుతుందని నా సినాప్సిస్‌లో ఎక్కడా లేదు.

ఆ సంగతి చెప్పిన మనిషి భేజ్జి వైపు నుంచి చర్ల మండలానికి మిరపకాయలు ఏరడానికి వచ్చిన ఒక దొర్ల అక్క. నలభై దాటి ఉండవు. నా ఇంటర్వ్యూ గైడ్‌లో వలస గురించి ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. మూడో ప్రశ్నకే ఆమె కుడి చెయ్యి నా ముందు చాపింది. బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంది. నీళ్ల బిందె పట్టలేదు, సీసా మూత తిప్పలేదు. మిరపకాయలు మాత్రం ఏరుతుంది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, కీలు అరిగిపోయింది, ఆపరేషన్ చేస్తే తగ్గుతుంది, ఆ తర్వాత మూడు నెలలు బరువు పని చెయ్యొద్దు అన్నారట. ఆమె లేచి వచ్చేసింది. నేను నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది: 'శస్త్రచికిత్స పట్ల భయం, అవగాహనా లోపం'. 'మరి ఎందుకు చేయించుకోలేదక్కా' అంటే, 'ఆ మూడు నెలలు నువ్వొచ్చి ఏరతావా తమ్ముడా' అంది.

అవగాహన లేనిది నాకు.

ఈ కీలు సంగతి కొంచెం తెలుసుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏదైనా గిల్లినప్పుడు కొసన పెట్టిన బలం కంటే బొటనవేలి మొదటి కీలు మీద సుమారు 12 రెట్లు ఒత్తిడి పడుతుందని ఎముకల నిపుణులు 1970ల్లోనే లెక్కగట్టారు. మిరపకాయ కోయడమంటే గిల్లడమే. మిరప అయిపోగానే వేసవిలో ఊళ్లో తునికాకు. 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50,000 ఆకులు, 50,000 సార్లు గిల్లడం. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం బ్యాగుకు 5,500 రూపాయలు చేసి దాన్ని వరంగా ప్రచారం చేసుకుంది. ఆకుకు 11 పైసలు. ఆకు కట్టి ఇచ్చిన ధరలో కీలు అరుగుదల ఎక్కడుంది?

వైద్యం లేక కాదు. ముందు పట్టీ, వ్యాయామం, ఇంజెక్షన్. వాటికి లొంగకపోతే అరిగిన ట్రపీజియం ఎముకను తీసేసే ఆపరేషన్ 1940ల నుంచీ ఉంది. మణికట్టులో నరం నలిగితే దాని మీది పట్టీని కోసి వదులు చేస్తారు, చిన్న ఆపరేషన్. మణికట్టే పూర్తిగా పాడైతే ప్లేటు వేసి ఎముకల్ని అతికిస్తారు. నొప్పి పోతుంది, మణికట్టు ఇక వంగదు. వంగే కృత్రిమ కీళ్లు కూడా ఉన్నాయి. కానీ అవి బరువు పని చేసేవాళ్లకు వద్దంటారు, వదులైపోతాయని. వైద్యశాస్త్రంగా అది నిజమే, సర్జన్ల తప్పు కాదు. అయితే కదిలే కీలు కుర్చీలో కూర్చునే చేతికి, బిగిసిపోయిన కీలు కూలి చేతికి అన్న ఈ పంపకం ఎవరి చేతుల్ని ఊహించుకుని తయారైందో అడిగే హక్కు మనకుంది. కులం పనుల్నే కాదు, పని చేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొడుతుందని బాబాసాహెబ్ 1936లోనే వాదించారు. ఆ మెట్లు ఎక్స్‌రేలో కూడా కనపడతాయి.

(ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొచ్చిందా? నాకూ వచ్చింది. ఆ ఉపమానాన్ని మనం ఇప్పటికే చాలా అరగదీశాం. ఇక్కడ గురువెవరూ వేలు అడగలేదు. కూలి రేటే తీసుకుంది.)

'ఆయుష్మాన్ కార్డు ఉంది కదా, 5 లక్షల దాకా ఉచితం' అనే మిత్రులకు ఒక మాట. ఆ కార్డు ఆసుపత్రికి డబ్బు కడుతుంది, ఇంట్లో పొయ్యికి కాదు. అదే మనిషి ఈఎస్‌ఐ వర్తించే ఫ్యాక్టరీలో ఉంటే జబ్బు సెలవులో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వచ్చేది. 91 రోజులంటే డాక్టరు చెప్పిన ఆ మూడు నెలలే! ఈఎస్‌ఐకి పునాది వేసిన అదార్కర్ పరిశీలన 1943లో మొదలైంది, వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేద్కర్ కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దాటి మిరప చేలోకి ఈనాటికీ రాలేదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం బొటనవేలు తెగిపోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్కగట్టింది. తెగితే శాతం ఉంది. ఇరవై ఏళ్లు గిల్లి గిల్లి పనికిరాకుండా పోతే దాన్ని వయసు అంటారు, వాతం అంటారు.

ఇక సరిహద్దు ఉండనే ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక కోంటా తాలూకా నుంచి వేలమంది గోదావరి లోయలోకి దిగివచ్చారు. అక్కడ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడికి వస్తే ఆ ధ్రువపత్రం చెల్లని వలస కూలీ. కూలికి సరిహద్దు లేదు, కాగితానికి ఉంది.

మన దేశంలో చేతి శస్త్రచికిత్స ఎదిగింది కుష్ఠు రోగుల వల్ల. వెల్లూరు సీఎంసీలో పాల్ బ్రాండ్ వంకరపోయిన వేళ్లను స్నాయువులు మార్చి తిన్నగా చేశాడు. వేళ్లు తెరుచుకున్నాక వాళ్లకు పని ఎవరూ ఇవ్వలేదు, ముడుచుకున్న చేతికి పడే భిక్ష కూడా ఆగిపోయింది. అది చూసి సీఎంసీ ఆవరణలోనే పని నేర్పే కేంద్రం పెట్టాడు. ఆపరేషన్ కత్తి దగ్గర మొదలై కుట్లు విప్పడంతో అయిపోదని ఆయనకు అప్పుడే అర్థమైంది. మన ఆరోగ్య పథకాలు రాసేవాళ్లకు ఇంకా కాలేదు.

కాబట్టి భేజ్జికి సర్జికల్ క్యాంపు కావాలని నేను అడగడం లేదు. చేతి ఆపరేషన్ చేయించుకున్న వ్యవసాయ కూలీకి, అటవీ ఫలసాయం సేకరించే మనిషికి కోలుకునే రోజులన్నిటికీ కూలి కట్టాలి. డబ్బెక్కడిదంటే, మిర్చి మీద మార్కెట్ ఫీజు వసూలవుతోంది, తునికాకు మీద బీడీ వ్యాపారం బతుకుతోంది. కౌలు రైతు నెత్తిన వెయ్యనక్కర్లేదు. ఏ రాష్ట్రం కట్టాలన్న తగవు రెండు ప్రభుత్వాలూ తమలో తాము తేల్చుకోవాలి, దానికోసం ఆమెను రెండు ఆఫీసుల మధ్య తిప్పకూడదు.

ఆకుల కాలానికి అక్క ఊరికి వెళ్లిపోయింది. అటు నుంచి వచ్చినవాళ్లను అడిగితే, కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఎడమచేత్తో కోస్తోందని చెప్పారు. ఎడమ బొటనవేలి మొదట్లో కూడా వాపు మొదలైందట.