నవ్వు నాలుగు విధాల చేటు



2024 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఇద్దరు అధ్యక్ష అభ్యర్థులు టెలివిజన్ కెమెరాల ముందు నిలబడి వాదించుకున్నారు. ఒకరు అప్పటికి మాజీ అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్, రెండోవారు అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్. ఏబీసీ చానల్ నడిపిన ఆ వాదాన్ని అమెరికాలో 6 కోట్ల 70 లక్షల మంది చూశారు. ధరల సంగతి వచ్చింది, పన్నుల సంగతి వచ్చింది, యుద్ధాల సంగతి వచ్చింది. కానీ మర్నాడు లోకం నోట నానింది ఒక్కటే మాట. ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరికి వలస వచ్చినవాళ్లు అక్కడి జనం పెంచుకునే కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారని ట్రంప్ అన్న మాట.

జనం నవ్వారు. ఆ మాటకు బాణీ కట్టి పాట చేశారు. బొమ్మలు వేశారు. ఆ పాట సముద్రాలు దాటి మన సాంచెల కార్ఖానా బయట చాయ్ బండి దాకా వచ్చింది. సెల్‌ఫోన్ చుట్టూ మూగి మనమూ నవ్వాం. ఈ వ్యాసం రాస్తున్నవాడూ నవ్వాడు. ఇప్పుడు సిగ్గుపడి రాస్తున్నాడు.

“ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం? ఆ ఎన్నిక ఎప్పుడో అయిపోయింది కదా!” అని కొందరు అడగవచ్చు. నిజమే, ఎన్నిక అయిపోయింది. ఆ నవ్వు చేసిన చేటు మాత్రం అయిపోలేదు. ఆ మాట ఎవరి మీద పడిందో ముందు తెలుసుకుందాం.

వాళ్లు హైతీ దేశస్థులు. హైతీ ఎగుమతుల్లో సింహభాగం కుట్టిన బట్టలే. అంటే మనలాగే గుడ్డ మీద బతికే జనం. 2010లో భూకంపం ఆ దేశాన్ని నేలమట్టం చేసింది. 2021లో దేశాధ్యక్షుణ్ణి ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ తర్వాత వీధులు ముఠాల చేతికి పోయాయి. ప్రాణాలు అరచేత పట్టుకుని అమెరికా చేరినవాళ్లలో వేలమంది స్ప్రింగ్‌ఫీల్డ్‌కు పని వెతుక్కుంటూ వెళ్లారు. అందులో చాలామందికి అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఆ దేశ చట్టమే తాత్కాలిక రక్షణ ఇచ్చింది. మోటారు విడిభాగాల ఫ్యాక్టరీలలో, గోదాములలో వాళ్లు పనికి కుదిరారు. పాళీకి వేళకు వస్తారని, ఇలాంటివాళ్లు ఇంకా 30 మంది ఉంటే బాగుండునని ఒక ఫ్యాక్టరీ యజమానే టీవీలో చెప్పాడు. అలా చెప్పినందుకు ఆయనకూ చంపుతామని బెదిరింపులు వచ్చాయి.

ఇక కుక్కలూ పిల్లుల కథ. ఎవరో ఎవరికో చెప్పగా విన్నది ఒకామె ఫేస్‌బుక్‌లో పెట్టింది. తాను కళ్లతో చూడలేదని తర్వాత ఆమే ఒప్పుకుంది. ఇంకొకామె తన పిల్లి కనబడటం లేదని, పక్కింటి హైతీవాళ్ల మీద అనుమానమని పోలీసులకు ఫిర్యాదు చేసింది. కొద్ది రోజులకు ఆ పిల్లి ఆమె ఇంటి నేలమాళిగలోనే దొరికింది. ఆమె ఆ పొరుగువాళ్ల ఇంటికి వెళ్లి, సెల్‌ఫోన్‌లో భాష మార్పించుకుని క్షమాపణ చెప్పుకుంది. మామూలు ఆడమనిషి తన తప్పు తెలుసుకుని పొరుగు గడప తొక్కింది. అధ్యక్ష పదవి అడిగే పెద్దమనిషి ఆ పని చేయలేదు. అలాంటిదేమీ జరిగిన దాఖలా లేదని నగర అధికారి చెప్పినట్టు వేదిక మీదనే గుర్తుచేస్తే, టీవీలో జనం చెబుతున్నారు కదా అన్నాడు!

మన పెద్దలు నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు. ఆ నాలుగూ ఇక్కడ లెక్కపెట్టి చూడండి.

మొదటి చేటు: అబద్ధానికి నవ్వే బండి అయింది. ఆ రాత్రి వాదం చూడనివాళ్లు కూడా ఆ పాట విన్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్కడుందో తెలియనివాడికి కూడా “హైతీవాళ్లు పిల్లుల్ని తింటారట” అన్న ముక్క చేరింది. నవ్వినవాడు ట్రంప్‌ను చూసి నవ్వాననుకున్నాడు. కానీ విన్నవాడి బుర్రలో నిలిచింది హైతీవాడూ పిల్లీ. రెండు రోజులు తిరక్కముందే ఆ ఊళ్లో బాంబు పెట్టామన్న బెదిరింపులు మొదలయ్యాయి. నగర కార్యాలయం ఖాళీ చేయించారు, బడుల నుంచి పిల్లల్ని ఇళ్లకు పంపారు. కనీసం 33 బెదిరింపులు వచ్చాయని, అన్నీ ఉత్తవేనని ఆ రాష్ట్ర గవర్నర్ ప్రకటించాడు. ఆయన ట్రంప్ పార్టీవాడే. చివరికి పోలీసులను కాపలా పెట్టి బడులు నడిపారు. లోకం పాట వింటుంటే, ఆ ఊరి పిల్లలు పోలీసుల నడుమ బడికి వెళ్లారు.

రెండో చేటు: నింద పడినవాడు కనబడకుండా పోయాడు. ట్రంప్ ఆ మాట అన్నప్పుడు హారిస్ కూడా నవ్వింది. తన వంతు రాగానే, ట్రంప్ సొంత పార్టీవాళ్లే 200 మంది తనను బలపరుస్తున్నారని చెప్పుకుంది. ఆ వేదిక మీద ఆమె “వాళ్లు కష్టం చేసుకు బతికే మనుషులు, వాళ్లను అనకు” అని అనలేదు. ఆమె గెలిచిందని సీఎన్ఎన్ చానల్ అడిగినవాళ్లలో నూటికి 63 మంది చెప్పారు. గెలిచింది సరే, ఎవరి తరఫున గెలిచింది? పత్రికలన్నీ కోడిపందెం చూసినట్టు ఎవరికి ఎన్ని గాట్లు పడ్డాయో లెక్కవేశాయి. గాట్లన్నీ పడ్డ హైతీ కార్మికుడికి మాత్రం ఆ వేదిక మీద చోటే లేదు. ఆ నవ్వుతో ఎన్నికైనా గెలిచారా? నవంబరు 5న ట్రంపే గెలిచాడు.

మూడో చేటు: అసలు ప్రశ్న నవ్వులో మునిగిపోయింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఒకప్పుడు ఫ్యాక్టరీల ఊరు. 1960లో అక్కడ 82 వేల పైచిలుకు జనం ఉండేవారు. 2020 నాటికి 59 వేలకు దిగిపోయింది. పని పోతే ఊరు ఎలా ఖాళీ అవుతుందో గిరణ్‌గావ్ మిల్లుల చిమ్నీలు చల్లబడటం చూసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తర్వాత అక్కడికి మళ్లీ పని వచ్చింది, పనివాళ్లు వచ్చారు. వాళ్లకు తగినన్ని ఇళ్లు, డాక్టర్లు, బడి పంతుళ్లు మాత్రం రాలేదు. అద్దెలు పెరిగాయి. ఆస్పత్రి ముందు వరుసలు పెరిగాయి. పాతవాళ్ల కడుపుమంటలో నిజం ఉంది. దాన్ని కొట్టిపారేస్తే మనమే పొరబడతాం. కానీ అద్దె పెంచింది ఎవరు? ఇంటి యజమాని. తక్కువ కూలికి మనిషిని వెతికింది ఎవరు? ఫ్యాక్టరీ యజమాని. ఆస్పత్రులకు సమయానికి డబ్బు ఇవ్వనిది ఎవరు? ప్రభుత్వం. ఈ ముగ్గురి పేర్లూ ఎత్తకుండా పిల్లి పేరు ఎత్తారు! ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడిన వాన్స్ అయిదు రోజుల తర్వాత టీవీలో దాచకుండానే చెప్పాడు, పత్రికలు పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని. కడుపుమంట జనానిది, కట్టెలు పెట్టినవాడు పెద్దమనిషి.

వాదం జరిగిన ఆ రోజే స్ప్రింగ్‌ఫీల్డ్ నగర సభలో ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. 2023లో ఒక హైతీవాడు నడిపిన బండి స్కూలు బస్సుకు తగిలి ఆయన 11 ఏళ్ల కొడుకు చనిపోయాడు. నా కొడుకు పేరు చెప్పి ద్వేషం పంచకండి, ఓట్లు అడగకండి అని ఆయన నాయకులను వేడుకున్నాడు. గుండె పగిలిన మనిషికి ఉన్న న్యాయబుద్ధి వేదికల మీద వాళ్లకు లేకపోయింది. ఆ తండ్రి మాటకు ఎవరూ బాణీ కట్టలేదు.

నాలుగో చేటు మన ఇంటికే వస్తుంది. ఇక్కడ కొంచెం నిదానించి చదవండి.

మన తాతలు కరీంనగర్ నుంచీ నల్లగొండ నుంచీ మూటాముల్లె కట్టుకుని బొంబాయి, షోలాపూర్, భివండి చేరారు. ఒక్కొక్క ఖోలీలో పదిమంది, పదిహేనుమంది పాళీల లెక్కన పడుకున్నారు. దక్షిణాది నుంచి వచ్చినవాళ్లందరినీ కలిపి ‘మద్రాసీ’ అన్నారు. 1960లో మొదలైన ‘మార్మిక్’ వారపత్రిక బొంబాయి కంపెనీలలో పనిచేసే దక్షిణాది ఉద్యోగుల పేర్లు జాబితాలు కట్టి అచ్చువేసేది. అది కార్టూన్ల పత్రిక. అంటే అక్కడా ముందు వచ్చింది నవ్వే. 1966లో శివసేన పుట్టాక మన లుంగీ మీద నినాదం వచ్చింది. ఆ తర్వాత దక్షిణాదివాళ్ల హోటళ్ల మీద రాళ్లు పడ్డాయి. మరాఠీ కార్మికుడు మన శత్రువు కాడు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల్లో సుమారు రెండున్నర లక్షల మంది పని మానేసినప్పుడు మరాఠీవాడు, తెలుగువాడు, భయ్యా అన్న తేడా లేకుండా పస్తులున్నారు. మనల్ని విడదీసినవాళ్లు సాంచె నడిపినవాళ్లు కారు.

మరి ఈనాడు మనమేం చేస్తున్నాం? మన పిల్లలు సాంచె వదిలి వేరే పనుల్లోకి పోతున్నారు. ఆ సాంచె దగ్గరికి బీహారు నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, ఒడిశా నుంచి కొత్తవాళ్లు వస్తున్నారు. చాయ్ బండి దగ్గర వాళ్ల తిండి మీద, స్నానం మీద, యాస మీద మనం వేసే జోకులు ఒక్కసారి గుర్తుచేసుకోండి. “వాళ్లు వచ్చాకే కూలి పడిపోయింది” అంటాం. కూలి రేటు సేటు చేతిలో ఉంటుందా, బీహారీ చేతిలో ఉంటుందా? చింతపండు పులుసు వాసన వస్తుందని మన తాతను వెక్కిరించినవాడికీ మనకూ తేడా ఏమిటి?

పుకారు ఏం చేస్తుందో మన బట్టల పరిశ్రమే చూసింది. 2023 మార్చిలో తమిళనాడులో బీహారు కార్మికులను కొట్టి చంపుతున్నారని దొంగ వీడియోలు సెల్‌ఫోన్లలో తిరిగాయి. అవి అబద్ధమని పోలీసులు చెప్పేలోపే తిరుపూరు, కోయంబత్తూరుల్లో కార్మికులు భయపడి రైల్వే స్టేషన్లకు పోయారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుకారు వలసవాడి మీద నింద వేసింది. తిరుపూరులో వలసవాడినే బెదరగొట్టింది. రెండు చోట్లా నష్టపోయింది చెమటోడ్చేవాడే.

ట్రంప్ ప్రభుత్వం గద్దెనెక్కాక 2025లో హైతీవాళ్లకు ఉన్న ఆ తాత్కాలిక రక్షణనే ఎత్తివేస్తామని ప్రకటించింది. వ్యవహారం కోర్టుకెక్కింది. వేదిక మీది ఒక ఎగతాళి మాట ఏడాది తిరక్కుండానే మనుషుల కాళ్లకింద నేలను కదిలించిందని గమనించండి. మనం నవ్వింది ఈ మాటకే.

కార్మికులారా! మనం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఈసారి చాయ్ బండి దగ్గర ఎవడైనా కొత్తవాళ్ల మీద కథ ఎత్తితే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చూశారు? ఎక్కడ చూశారు? ఈ కథ వల్ల లాభం ఎవరికి? జవాబు లేకపోతే నవ్వకండి, ఆ సెల్‌ఫోన్ ముక్క ఇంకొకరికి పంపకండి. పక్క సాంచె మీది బీహారీని, ఒడియావాణ్ణి పేరు పెట్టి పిలవండి. సంఘం రసీదు అతని చేతిలో పెట్టండి. బోనస్ అడిగే రోజున సేటు గేటు ముందు నిలబడేది మనమూ అతనూ కలిసే.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!