మహర్ గొలుసుకు ఏ మెరుగు?

గడచిన మాసం ఒకనాడు అస్ర్ నమాజ్ అనంతరం నా పూర్వ విద్యార్థి ఒకడు తల్లిని వెంటబెట్టుకుని మదరసాకు వచ్చాడు. దేవరాపల్లిలో నా ముందు కూర్చుని ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్న బాలుడే. ఇప్పుడు విశాఖపట్నంలో ఏసీ యంత్రాలు బాగుచేస్తున్నాడు. త్వరలో నికాహ్. మహర్‌గా స్టెర్లింగ్ వెండి గొలుసు ఇవ్వాలని నిశ్చయించుకున్నాడు. చోడవరంలో ఒక దుకాణం వారు ఒకే అల్లికలో నాలుగు గొలుసులు చూపించారట. మొదటిది సాదా తెల్లని మెరుగు, రెండవది నల్లని మెరుగు, మూడవది రోడియం పూత, నాలుగవది బంగారు పూత.

“హజరత్, రోడియం వేసినది ఎన్నటికీ నల్లబడదని చెప్పారు. నాకు అదే బాగుందనిపించింది. అమ్మీ మాత్రం బంగారు పూతదే తీసుకోమంటున్నారు” అన్నాడు.

తల్లి తన మనసులోని మాట దాచుకోలేదు. “నలుగురూ చూసే వేడుక మౌలానా సాబ్. గొలుసును ఎవరు గీకి చూస్తారు?” అన్నారు.

నగల విషయం ఈ శీర్షికలో రాయవలసి వస్తుందని నేననుకోలేదు. అయితే ఆమె అడిగిన ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. అందుచేత వారికి చెప్పిన మాటలనే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. లోహం గురించి నాకు తెలిసినదంతా మా వీధిలోని వృద్ధ కంసాలి ఒకరి దగ్గర ఏళ్ల తరబడి కూర్చుని విన్నదే.

స్టెర్లింగ్ అనగా వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. మిగిలిన 75 పాళ్లు సాధారణంగా రాగి. స్వచ్ఛమైన వెండి మెత్తన. దానితో సన్నని గొలుసు చేస్తే లంకెలు సాగిపోతాయి, కొక్కెం వంగిపోతుంది. రాగి కలిస్తేనే గట్టిదనం వస్తుంది. కనుక ఆ రాగిని కల్తీ అనరాదు. అది చెప్పి కలిపినది, అంకె వేసి అమ్మేది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం కూడా వెండి పాలు అధికంగా ఉన్న మిశ్రమానికి వెండి నియమాలే వర్తిస్తాయి. నాలుగు గొలుసులలోనూ లోపలి లోహం ఇదే. తేడా అంతా పైనే ఉంది.

సాదా మెరుగు అంటే వెండిని రుద్ది, నునుపు చేసి వదిలివేయడం. దీనిపై మరే లోహమూ ఉండదు. ఇది నల్లబడుతుందన్న మాట నిజమే. గాలిలోని గంధక వాయువుల వల్ల, ఉల్లి, కోడిగుడ్డు, రబ్బరు వంటి వాటిలోని గంధకం వల్ల వెండిపై పలుచని నల్లని పొర ఏర్పడుతుంది. కానీ అది తుప్పు వలె లోహాన్ని తినివేసేది కాదు. రోజూ ధరించే గొలుసు ఒంటి రాపిడికే మెరుస్తూ ఉంటుంది. పెట్టెలో పడివున్నదే ముందుగా నల్లబడుతుంది. కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని నూలుగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. మరీ నల్లబడితే గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరచి, వేడినీళ్లలో వంటసోడా కలిపి, గొలుసు ఆ రేకును తాకేలా కొద్దిసేపు ఉంచాలి. గంధకం వెండిని వదిలి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. పళ్లపొడితో, పేస్టుతో రుద్దవద్దు, గీతలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ గొలుసు తెగితే ఊళ్లోని కంసాలి అతికి, మెరుగుపెట్టి సాయంత్రానికి చేతికిస్తాడు.

నల్లని మెరుగును బజారులో ‘ఆక్సిడైజ్డ్’ అంటారు. పేరు ఆక్సిజన్‌ది, పని గంధకానిది. పై వెండికి ప్రమాదవశాత్తు జరిగేదే ఇక్కడ కావాలని చేస్తారు. గంధకపు ద్రావణంలో ముంచి గొలుసంతా నల్లబరచి, ఎత్తైన భాగాలను మాత్రం రుద్ది తెల్లగా తీస్తారు. పల్లాలలో నలుపు నిలిచి అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాదు ఇళ్లలో బీదరీ పాత్రలు చూసినవారికి ఈ అందం పరిచయమే. కాకపోతే బీదరీలో నల్లబడేది తుత్తునాగం, రాగి కలిసిన పాత్ర. అందులో పొదిగిన వెండి తెల్లగానే ఉంటుంది. నల్ల మెరుగు గొలుసును ఇందాక చెప్పిన సోడానీళ్లలో వేయరాదు, కోరి పెట్టించుకున్న నలుపు కాస్తా పోతుంది. ఇంకొక జాగ్రత్త ఉంది. తీర్థాలలో, సంతలలో ‘ఆక్సిడైజ్డ్ నగలు’ అని అమ్మేవాటిలో చాలావరకు జర్మన్ సిల్వర్. పేరులో తప్ప అందులో వెండి లేదు. అది రాగి, నికెల్, తుత్తునాగాల మిశ్రమం. నికెల్ పడని ఒంటికి దురద, దద్దు వస్తాయి.

రోడియం ప్లాటినం జాతికి చెందిన ఖరీదైన లోహం. విద్యుత్తు సాయంతో వెండిపై అతి పలుచగా ఎక్కిస్తారు. కొద్దిగా నీలి ఛాయ గల తెలుపు; గంధకానికి లొంగదు. దుకాణదారు చెప్పిన ‘నల్లబడదు’ అన్న మాట అంతవరకు సత్యం. ‘ఎన్నటికీ’ అన్నది మాత్రం కాదు. లంకెతో లంకె ఒరుసుకునే చోట, కొక్కెం దగ్గర, మెడ వెనుక ఆ పూత ముందుగా అరిగిపోతుంది. అరిగినచోట వెండి తన స్వభావం ప్రకారం నల్లబడుతుంది, మిగిలినచోట తెల్లగా ఉంటుంది. అతుకు పెట్టించాలంటే నిప్పు తగలాలి. ఆ పిమ్మట మళ్లీ పూత వేయించాలి. ఆ పని మా పల్లె కంసాలి వల్ల కాదు, నగరానికి వెళ్లవలసిందే. ప్రతి రెండు మూడేళ్లకు ఆ ఖర్చు భరించగలవారు నిశ్చింతగా తీసుకోవచ్చు. గరుకు మెరుగు అని మరొకటి ఉందిగాని, రోజువారీ రాపిడికి అది తనంతట తానే నునుపెక్కుతుంది. దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

ఇక బంగారు పూత. దీన్ని ధరించడం స్త్రీలకు నిషిద్ధం కాదు. వెండిపై మందంగా, దాదాపు రెండున్నర మైక్రాన్ల బంగారం ఎక్కించినవి కొంతకాలం నిలుస్తాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, అదే మందమని గ్రహించండి! సామాన్య దుకాణాలలో దొరికేవి అంతకంటే ఎంతో పలుచన. పూత అరిగాక తెలుపు, పసుపు, నలుపు మూడూ కలిసి కనిపిస్తాయి.

నా అభ్యంతరం అరుగుదలపై కాదు. “ఎవరు గీకి చూస్తారు?” అన్న మాటపై. మాది చెరకు పండే ప్రాంతం. బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ వేస్తే పసుపుపచ్చగా మెరుస్తుందని, ముదురు రంగు బెల్లం కన్నా ఎక్కువ ధర పలుకుతుందని ఇక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించాడు. అలాంటప్పుడు జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. ధాన్యం తడవడం దోషంగా ఎంచబడలేదు, దాన్ని దాచడం ఎంచబడింది. బంగారు పూత గల వెండి గొలుసును అలాగే చెప్పి ఇస్తే ఏ చిక్కూ లేదు. బంగారమని అందరూ అనుకోవాలన్న ఉద్దేశంతోనే ఇస్తే, ఆ కోడలు ఒక అవసరానికి దాన్ని తాకట్టు దుకాణానికి తీసుకువెళ్లిననాడు ఏమవుతుంది? అక్కడ తప్పకుండా గీకి చూస్తారు. ఈ మాట అన్నప్పుడు ఆ తల్లి తల దించుకున్నారు. కొంచెం కఠినంగా మాట్లాడానేమోనని తరువాత నాకు అనిపించింది.

వారు పూత గురించి అంతగా చర్చించి బరువు సంగతి మరచిపోయారు. దుకాణంలో చూసిన గొలుసు 20 గ్రాములట. హనఫీ ఫిఖ్‌హ్‌లో మహర్ కనీస పరిమితి 10 దిర్హముల వెండి, అంటే 30.618 గ్రాములు. గొలుసొక్కటే మహర్ అయితే 20 గ్రాములు చాలదు. అందులో రాగి పాలు తీసివేసి లెక్కించినా సరిపోవాలంటే 34 గ్రాములు తీసుకోమన్నాను. రోడియం పూతకు, మజూరీకి పెట్టే సొమ్మును బరువుకు మళ్లిస్తే మంచిదని కూడా చెప్పాను. ఏ గొలుసు కొన్నా బి.ఐ.ఎస్. గుర్తు, 925 అంకె చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండి వస్తువులపై ఆరు అక్షరాంకాల ప్రత్యేక సంఖ్య కూడా వస్తోంది. వెండికి హాల్‌మార్క్ ఇంకా నిర్బంధం కాదు గనుక మనమే అడగాలి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

వరునికి కూడా జత గొలుసు ఉందని దుకాణం వారు ఆశ పెట్టారట. పురుషుల మెడలో గొలుసును, అది వెండిదైనా సరే, మన ఉలమా అనుమతించరు. ఒక మిస్ఖాల్‌కు, అనగా 4.374 గ్రాములకు లోబడిన వెండి ఉంగరం చాలు.

చివరగా నేను ఒక ప్రశ్న అడిగాను: “అమ్మాయికి ఏది ఇష్టమట?”

తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మహర్ ఆమె సొత్తు. ఖుర్ఆన్ (4:4) దాన్ని సంతోషంతో ఆమెకే ఇవ్వమంటోంది. నాలుగు గొలుసులను ముందు పెట్టుకుని ఇంతసేపు వాదించుకున్నవారిలో ధరించబోయే మనిషి లేదు. నేను కూడా ఆ సంగతి చివరనే తలచుకున్నాను.

వారం తరువాత కబురు వచ్చింది. అమ్మాయి నానమ్మ ద్వారా అడిగించారట. నేను సాదా మెరుగు అంటుందని ఊహించాను. ఆమె నల్ల మెరుగు కోరింది. పగలంతా కుట్టుమిషను ముందు కూర్చుంటానని, తుడుస్తూ కూర్చునే తీరిక లేదని, నల్లగా ఉన్నదాన్ని నల్లబడిందని ఎవరూ అనలేరని చెప్పిందట. మొన్న నికాహ్‌నామాలో ‘925 వెండి గొలుసు, 34 గ్రాములు, నల్ల మెరుగు’ అని రాయించి ఇరుపక్షాల ముందు చదివి వినిపించాను. వరుని తల్లి నా దగ్గరకు వచ్చి, ఆ నలుపు ఎప్పుడైనా పోతే కంసాలి మళ్లీ పెడతాడా అని అడిగారు. పెడతాడని చెప్పాను.