తారల పాలనకు లెక్క

అయ్యా,

2024 ఫిబ్రవరిలో నటుడు విజయ్ పార్టీ స్థాపించినది మొదలు, చెన్నపట్నమున తరతరాలుగా స్థిరపడిన మావంటి తెలుగువారి ఇండ్లలో పాత వాదము మరల లేచినది. "వేషగాండ్రకు రాజ్యమేల?" అని పెద్దలందురు. "జనము మెచ్చినవాడే నాయకుడు" అని పిల్లలందురు. ఉభయులునూ మనిషిని గూర్చి మాట్లాడుచున్నారే గాని, అధికారములో ఉండి ఆ మనిషి చేసిన పనులను గూర్చి కాదు. ఈ విషయమై కొంత మనవి చేయదలచితిని.

మా కొళాయి సంగతే చూడుడు. కృష్ణా జలములను చెన్నైకి తెచ్చు ఒప్పందము 1983 ఏప్రిల్ 18న కుదిరినది. ఇటు ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్, అటు ఎన్.టి. రామారావు. ఇద్దరునూ సినిమా కథానాయకులే. ఆ ఘనత వారికి ఈయవలసినదే. కాని నీరు పూండి జలాశయము చేరినది 1996 సెప్టెంబరులో. అప్పటికి ఇద్దరునూ లేరు. రామచంద్రన్ గారు 1987 డిసెంబరులోను, రామారావుగారు ఆ 1996 జనవరిలోను గతించిరి. పిమ్మట కాలువ చెడి నీరు దారిలోనే ఇంకిపోవుచుండగా సత్యసాయి ట్రస్టు బాగుచేయించవలసి వచ్చినది. ఆంధ్ర సరిహద్దున అందవలసిన 12 టి.ఎం.సి.లు చాలా ఏండ్లు పూర్తిగా అందలేదు. నీటి లారీ కొరకు బిందెలు వరుస పెట్టిన వేసవులలో ఈ ఒప్పందమును పొగడినవారిని, తిట్టినవారిని కూడ విన్నాను. ఇరువురి మాటలోను నిజమున్నది.

రామచంద్రన్ గారి మధ్యాహ్న భోజన పథకము 1982 జులైలో వచ్చినది. కామరాజుగారి కాలమున మొదలైనదానిని ఆయన ఎంతయో విస్తరింపజేసిరి. ఆయన చిత్రము ఒక్కటియు చూడనివారి పిల్లలును ఆ అన్నము తినిరి. మరుసటి యేడే మద్యము టోకు వ్యాపారమునకు టాస్మాక్ సంస్థ పుట్టినదియు ఆయన పాలనలోనే. 2003లో చిల్లర దుకాణములను కూడ ఆ సంస్థకే అప్పగించినది జయలలితగారి ప్రభుత్వము. అదే 2003లో ప్రతి కట్టడమునకు వాననీటి గుంత ఉండి తీరవలెనన్నదియు ఆమె ప్రభుత్వమే! మా పెరటిలోని గుంత ఆ చట్టము పుణ్యమే.

రామారావుగారిని గూర్చి ఆంధ్రలో ఏ ఇంట అడిగినను ఒక్క మాట రాదు. రెండు రూపాయల కిలో బియ్యము తిన్న ఇల్లు ఒకటి చెప్పును. 1984లో కరణీకము పోయిన ఇల్లు మరొకటి చెప్పును. ఆడపిల్లలకు పిత్రార్జితములో సమాన వాటా ఇచ్చిన 1986 నాటి చట్టము దేశమంతటికిని 2005లో గాని రాలేదు. అంతటి చట్టము తెచ్చినవారే 1989లో మంత్రులనందరిని ఒక్కసారిగా తొలగించిరి. ఆ యేడు ఎన్నికలలో పార్టీయు ఓడినది, కల్వకుర్తిలో తామును ఓడిరి. వీనిలో ఏ ఒక్కదానికైనను రాముడి వేషమునకు సంబంధమున్నదా?

మనవారికి ఇంకొక జాడ్యమున్నది. "మనవాడా, కాదా" అని చూచుట. రామారావుగారు మనవారే, అయినను ఇక్కడి మన బడులకు ఆయన అధికారి కారు. సినిమా సంభాషణలు వ్రాసి పేరొందిన కరుణానిధిగారి ప్రభుత్వము 2006లో తెచ్చిన చట్టముతో ఒకటవ తరగతి నుండి తమిళము తప్పనిసరి అయినది. తమిళము నేర్చుటకు మనకేమియు అభ్యంతరము లేదు, తాతల నాటి నుండి నేర్చినదే. కాని తెలుగు బడుల పిల్లలు పదవ తరగతి పరీక్షలకు కోర్టు మినహాయింపుల కొరకు ఎదురుచూడవలసి వచ్చినది. 2011లో తిరిగి వచ్చిన జయలలితగారును ఆ చట్టమును మార్చలేదు.

పవన్ కళ్యాణ్ గారు 2024 జూన్‌లో ఉపముఖ్యమంత్రియై పంచాయతీరాజ్ శాఖ చేపట్టిరి. ఆయనను గూర్చి అడుగవలసినది అక్కడి గ్రామములవారిని గాని, సినిమా హాలులో ఈలలు వేయువారిని కాదు. ఇక్కడ విజయ్ పార్టీవారు గాని మరే పార్టీవారు గాని వోటు కొరకు మన వీధికి వచ్చినప్పుడు, 2006 చట్టమున మన బడులకు ఏమి చేసితిరి, పూండికి ఈ యేడు ఎన్ని టి.ఎం.సి.లు తెచ్చితిరి అని అడుగవలెనని నా మనవి.

భవదీయుడు,
ఒక చెన్నపురి పాఠకుడు