ఇంటింటి యంత్రములు: మంచుబండి వెనుకటి స్ప్రింగుల కూర్పు

క్రిందటి మాసమున కుట్టుమిషనును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము మన యిండ్ల గానరాని యంత్ర మొకదానిని వర్ణింపబూనితిని. అది స్నోమొబైలు, అనగా మంచుబండి. మనకేల యందురేమో! మన యాడపడుచులు కొందరు నేడు కెనడాలో కాపురము లుండుటచే, ఆ దేశపు శీతకాలపు సాధనములను మన మెరిగియుండుట మంచిది.

క్వెబెక్ రాష్ట్రమున వాల్కూర్ అను నూరు కలదు. 1934 జనవరిలో, అచ్చటి జోసెఫ్ ఆర్మాన్ బొంబార్డియే యను యంత్రకారుని రెండేండ్ల కుమారునకు కడుపులోని పొర వాచి ప్రాణము మీదికి వచ్చెను. దారులు మంచుతో మూసికొనిపోవుటచే ఆసుపత్రికి గొనిపోవు సాధనము లేక ఆ పసివాడు కన్నుమూసెను. మంచుపై నడచు బండికై అంతకుముందే పాటుపడుచుండిన యా తండ్రి, పట్టు విడువక, పండ్లచక్రముతో రబ్బరుపట్టీని త్రిప్పు నేర్పాటునకు 1937లో పేటెంటు పొందెను. 1959లో ఆయన కర్మాగారమునుండి స్కీడూ అను చిన్నబండి వెలువడెను.

ఈ బండికి ముందు రెండు స్కీలును, వెనుక తిరుగుడుపట్టీయు నుండును. ఆ పట్టీ లోపల నుండునదే వెనుకటి సస్పెన్షను. పూర్వపు బండ్లలో చిన్నచక్రముల వరుసలుండెడివి. పిమ్మట రెండు పొడవైన కమ్ములపై పట్టీ జారు నేర్పాటు వాడుకకు వచ్చెను. కమ్ముల యడుగున ప్లాస్టిక్కు పట్టెలుండును. వానికి మంచే చమురు. మంచులేని నేలపై నడపినచో అవి వేడెక్కి కరగును. కమ్ములను బండికి గలుపుటకు ముందొకటి, వెనుక నొకటి చేతులును, అదురు నడచుటకు స్ప్రింగులును, షాక్ అబ్జార్బర్లును గలవు.

స్ప్రింగులు చచ్చి వెనుకభాగము క్రుంగియున్నను, షాక్ అబ్జార్బరునుండి నూనె కారుచున్నను, కమ్ములు వంగినను, బీటలు వారినను, ఆ కూర్పును మార్చుట యవసరము. అట్టి బండిపై గతుకుల దారిలో బోవువారి వెన్నెముకకే ప్రతి దెబ్బయు తగులును.

పాతబండికి వేరొక బండి కూర్పు తెచ్చునప్పుడు మూడు సంగతులు చూడవలయును: కమ్ముల పొడవు పట్టీకి సరిపోవునా? వెడల్పు సరియా? బోల్టుల రంధ్రము లొక్కచోటనే యున్నవా? 121 అంగుళముల పట్టీకి 136 అంగుళముల పట్టీకై చేసిన కమ్ములు పనికిరావు. రంధ్రములను ఊహతో తొలిచినచో బరువు తప్పుచోట బడి, స్కీలు తేలి, బండి చెప్పినమాట వినదు.

ఇద్దరు మనుష్యు లుండవలసిన పని యిది. మొదట పెట్రోలు తీసివేసి, బ్యాటరీ విప్పి, వెనుకభాగమును గట్టి యాధారముపై నిలిపి, వెనుక యిరుసు వదులుచేసి పట్టీ బిగువు తగ్గింపవలెను. స్ప్రింగుల బిగువును తప్పక ముందే విడువవలెను; అవి యెగిరి తగిలినచో వ్రేళ్లు విరుగును. పిమ్మట బోల్టులు విప్పి, బండిని దుప్పటిపై ప్రక్కకు వాల్చి, పాతకూర్పు నీవలకు లాగవలెను. లోపలి రేకులో బీటలున్నవేమో యప్పుడే చూచుకొనవలెను.

క్రొత్తదానికి గ్రీజుపెట్టి లోన నిలిపి, ముందుచేతి బోల్టులను, తరువాత వెనుకచేతి బోల్టులను చేతితో నెక్కించి, అన్నియు కుదిరిన పిదపనే పూర్తిగా బిగింపవలెను. పట్టీ తడిబట్టల దండెమువలె వ్రేలాడరాదు, వీణతీగవలె బిగిసియుండరాదు. తయారుచేసినవారి పుస్తకములోని కొలతయే ప్రమాణము. తుదకు వెనుకభాగ మెత్తియుంచి మెల్లగా త్రిప్పి, పట్టీ నడుమ నున్నదో లేదో కనిపెట్టవలెను. ఆ సమయమున బండివెనుక పిల్లలను నిలువనీయరాదు. పట్టీకంటిన రాయి తుపాకిగుండువలె వచ్చును.

శీతకాలము రాకముందే యీ పని ముగించుట యుత్తమము. రాత్రివేళ జ్వరముతో నున్న బిడ్డను వైద్యునికడకు గొనిపోవలసినప్పుడు, మరమ్మతునకు వేళ దొరకదు గదా!