మానేరు నేలనూ బొమ్మ కట్టాలి

తెలంగాణ పల్లెను మన చిత్రకళ మనుషుల్లో చూసినంతగా నేలలో చూడలేదు. వేములవాడ దగ్గరి బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం పెద్ద బొట్టు, ముక్కుపుడక, నిండు రంగుల చీరలతో మన ఆడవాళ్లను ప్రపంచానికి చూపారు. సిద్దిపేట కాపు రాజయ్య బతుకమ్మను, బోనాలను, చేతివృత్తులను చిత్రించారు. ఆ ఘనత చిన్నది కాదు. కానీ ఆ మనుషులు బతికిన నేల చాలావరకు వెనక తెరగానే మిగిలింది. రాజన్న సిరిసిల్ల జిల్లా ఎల్లారెడ్డిపేట చుట్టూ ఉన్న గుట్టలు, చెలకలు, తాటిచెట్లు, చెరువు కట్టలే బొమ్మకు అసలు వస్తువు కావాలి.

ప్రకృతి చిత్రణ పడమటి పద్ధతి, మనకెందుకని కొందరంటారు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ తన ఊరి దగ్గరి సాంత్ విక్త్వార్ కొండను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ గీశాడు. వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ చుట్టూ కోతకొచ్చిన పొలాలను గీశాడు. నేలను ఉన్నదున్నట్టు దించడం వాళ్ల పని కాదు. ఆ ఎండ, ఆ మట్టి తమ మనసుకు ఎలా తగిలాయో రంగుల్లో చెప్పారు. బతికే నేలను అంత శ్రద్ధగా చూడటం ఏ దేశపు సొత్తూ కాదు. రాజమండ్రి దామెర్ల రామారావు (1897–1925) గోదావరిని అలాగే చూశారు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టిన పి.టి. రెడ్డి 1940ల తొలినాళ్లలోనే బొంబాయిలో ఆధునిక చిత్రకారులతో కలిసి నడిచారు. దారి మనవాళ్లు ఎప్పుడో వేశారు.

ఫొటోలు, డ్రోన్లు ఉండగా కుంచె ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. కొదురుపాక, రుద్రవరం, చింతలఠాణా వంటి ఊళ్లు మిడ్ మానేరు జలాశయంలో మునిగాయి. దాని మేలును కాదనలేం. అయితే మునిగిన భూమి లెక్క ఎకరాల్లో, సర్వే నంబర్లలో దొరుకుతుంది. ఆ నేలతో మనిషికున్న బంధం ఆ లెక్కలోనూ, డ్రోన్ ఫొటోలోనూ దొరకదు. దాన్ని ఎంచి, కూర్చి, రంగులో నిలిపేది చిత్రకారుడే. గిట్టుబాటు ధర లేని రైతుకు బొమ్మలు ఏం పెడతాయన్న మాట మరింత గట్టిది. బొమ్మ కడుపు నింపదు, నిజమే. కానీ గుట్టంటే గ్రానైటేనని, చెలకంటే ప్లాటేనని అనుకునే కాలంలో, వాటికి మరో విలువ ఉందని ఊరికి గుర్తుచేసే శక్తి దానికుంది. గుట్టను కాపాడుకోవాలంటే ముందు దాన్ని ఇష్టంగా చూడటం నేర్చుకోవాలి. అందుకే ప్రభుత్వ బడుల్లో డ్రాయింగ్ పిరియడ్‌ను పొలం గట్ల మీదికి తేవాలి. జిల్లా యంత్రాంగం ఏటా యాసంగి కోతల నాడు చిత్రకారులను పిలిచి, వాళ్లు గీసిన బొమ్మలను కొని, పంచాయతీ భవనాల్లో పెట్టాలి.