ఎద వచ్చినంత మాత్రాన ఈడు వచ్చినట్టు కాదు

చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో మేకలు పెంచేవాళ్ళ మధ్య ఒక మాట గట్టిగా నాటుకుపోయింది. "పెంటి పిల్ల ఆరో నెలలో ఎదకొస్తే ఆలస్యం చెయ్యొద్దు, పోతుకు కట్టించెయ్యి. ఏడాది నిండేలోపే ఈనుతుంది. ఆ పైన ఏడాదికి రెండు ఈతలు." సంతలో పిల్లల్ని అమ్మే బేరగాళ్ళు చెప్పేది ఇదే. షెడ్డు వేయించి మేకలు తోలిస్తామని తిరిగేవాళ్ళు కాగితం మీద వేసి చూపించే లెక్కా ఇదే. ఈ మాట తప్పు, లెక్క అంతకన్నా తప్పు. నష్టపోయేది చెప్పినవాడు కాదు. పత్తి తీతలకో మిరప కోతలకో పోయి వస్తూ, ఇంటి ముందు గుంజకు రెండు మేకలు కట్టుకుని, వాటి పాలతో పిల్లలకు ఇంత టీ కాచిపోసే కూలి మనిషి. అందుకే దీన్ని ఖండించక తప్పదు.

మొదట ఎద సంగతి. మేకపిల్ల ఐదు నుంచి ఎనిమిది నెలల మధ్య తొలిసారి ఎదకు రావడం సహజం. మేత మీద ధ్యాస ఉండదు, అరుస్తుంది, తోక అదేపనిగా ఆడిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఎద చల్లారుతుంది. కట్టించకపోతే 21 రోజులు అటూ ఇటూగా మళ్ళీ వస్తుంది. ఒక ఎద పోతే పోయేది ఆ మూడు వారాలే. ఎద వల్ల మనకు తెలిసేది అండం విడుదలవుతోందన్న ఒక్క విషయమే. తుంటి ఎముకలు విచ్చుకున్నాయో లేదో, కడుపులో పిల్లను మోసే కండ పట్టిందో లేదో, పొదుగు తయారైందో లేదో ఎద చెప్పదు. ఆరు నెలల పిల్ల కింది పెదవి వంచి చూడండి. ఎనిమిదీ సన్నటి పాలపళ్ళే కనిపిస్తాయి. మొదటి జత ఊడి పెద్దపళ్ళు రావాలంటే ఏడాది దాటాలి. నాలుగు జతలూ పూర్తయ్యేసరికి మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది. అంటే ఆ జీవం ఇంకా ఎదుగుతూనే ఉంది. దాని కడుపులో ఇంకో జీవాన్ని పెట్టి, రెండింటికీ ఒకే మేత సరిపెట్టుకోమంటున్నాం.

మరి ఎప్పుడు కట్టించాలి? నెలలు లెక్కపెట్టి కాదు, బరువు చూసి. ఆ జాతి పెద్ద మేక ఎంత తూగుతుందో అందులో మూడింట రెండు వంతులు పిల్ల తూగాలి. తల్లి 30 కిలోలుంటే పిల్ల 20 దాటాలి. ఈ కొలత ఎందుకంటే, పుట్టినప్పుడు రెండు కిలోలున్న పిల్ల రోజుకు 75 గ్రాముల చొప్పున పెరిగితే ఎనిమిది నెలలకు 20 కిలోలవుతుంది. అదే పిల్ల, పాలు చాలక, నట్టలు పట్టి, రోజుకు 50 గ్రాములే పెరిగితే ఆ బరువుకు ఏడాది పడుతుంది. ఒకే ఊళ్ళో, ఒకే నెలలో పుట్టిన రెండు పిల్లల మధ్య నాలుగు నెలల తేడా వస్తోంది. "ఆరో నెల" అనే ఒకే మాట ఈ రెండింటికీ ఎలా సరిపోతుంది?

జాతిని బట్టి కూడా లెక్క మారుతుంది. మధుర, ఆగ్రా ప్రాంతపు బార్బరీ చిన్న మేక, త్వరగా ఈడుకొస్తుంది. ఇటావా ప్రాంతపు జమునాపారీ, పంజాబు బీటల్ పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్న పాల జాతులు, నిదానంగా ఎదుగుతాయి. జమునాపారీ తన సొంత గడ్డ మీదే మామూలుగా ఏడాదిన్నర దాటాక గానీ తొలి ఈత ఈనదు. పాలకోసం అంత డబ్బు పోసి దాన్ని ఇక్కడికి తెచ్చుకుని, నాటు మేకకే తగని తొందర దాని మీద రుద్దితే అది పాల మేక కాదు, ఎదుగుదల ఆగిన గిడసబారు మేక అవుతుంది.

తూచేది ఎలాగని అడుగుతారు. పత్తి, మిరప పండే పల్నాడులో కాటా లేని ఊరు లేదు. పత్తి తూకానికి వచ్చిన కాటా కొక్కేనికి గోనెపట్టాతో ఉయ్యాల కట్టి, పిల్లను అందులో దించితే నిమిషంలో తేలిపోతుంది. పళ్ళెం కాటా అయితే పిల్లను ఎత్తుకుని మీరు ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి మీ బరువు తీసేయండి. పత్తి తూకంలో కిలో తేడా వస్తే ఒప్పుకోని మనం, ఏళ్ళ తరబడి ఇంటికి పాలిచ్చే జీవాన్ని కంటి అంచనాతో ఎందుకు వదిలేస్తున్నాం?

తొందరపడితే జరిగేదేమిటో ఈనే వేళ చూసినవాళ్ళకు తెలుసు. చిన్న మేక గంటల తరబడి ముక్కుతుంది. నీటితిత్తి పగిలి, రెండు గిట్టల మొనలు బయటపడి ఆగిపోతాయి. వాటి వెనక ముక్కు కనిపించాలి, కనిపించదు. తల తుంటి ఎముకల దగ్గర ఇరుక్కుంది. పెద్ద మేకకైతే అనుభవం ఉన్న చెయ్యి లోపలికి పోయి తలను సర్దగలదు. ఈ పిల్లకు వేళ్ళు కూడా పట్టవు. తెలియనివాళ్ళు కాళ్ళు పట్టి లాగుతారు, పిల్ల చస్తుంది, తల్లి కడుపు చిరుగుతుంది. గండం గడిచినా, పుట్టిన పిల్ల కిలో, కిలోంబావు ఉంటుంది, పొదుగులో పాలుండవు. కడుపులో పిల్ల పెరిగేదంతా చాలావరకు చివరి 50 రోజుల్లోనే. ఆ రోజుల్లో బక్క తల్లి తన ఒంట్లోది కరిగించి పిల్లకిస్తుంది. అలా ఆగిన తల్లి ఎదుగుదల తర్వాత ఎంత దాణా పెట్టినా పూర్తిగా తిరిగి రాదు.

ఇక ఏడాదికి రెండు ఈతల లెక్క. మేక చూలు 150 రోజులు. రెండు చూళ్ళకు 300 రోజులు. మిగిలేవి 65. అంటే ఈనిన నెలరోజులకే మళ్ళీ చూలు కట్టాలి, ప్రతిసారీ, ఒక్క ఎద కూడా తప్పకుండా. ఆ నెలలోనే గర్భసంచి కుదుటపడాలి, పిల్ల పాలు మానాలి, ఇంటికీ పాలు కావాలి. ఇది మన దొడ్లలో ఏటా జరిగే పని కాదు. ఈతకు పేరుపడ్డ బార్బరీ కూడా మంచి పోషణలో రెండు ఈతలకు 12 నుంచి 15 నెలలు తీసుకుంటుంది. మన దొడ్లలో నిలబడే లెక్క రెండేళ్ళకు మూడు ఈతలు. అంటే ఈతకు ఎనిమిది నెలలు, ఐదు చూలుకు, మూడు పిల్లకూ పాలకూ. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 500 మేకలు, 25 పోతుల యూనిట్‌కు 50 లక్షల రూపాయల వరకు 50 శాతం రాయితీ ఉంది. మిగతా సగానికి చాలామంది బ్యాంకు గడప ఎక్కాల్సిందే. ఆ వాయిదాలను ఏడాదికి రెండు ఈతల మీద లెక్కగట్టినవాడు మొదటి ఏడాదే మేకల్ని అమ్మి బ్యాంకుకు కట్టాల్సి వస్తుంది.

తొందరపడి కలిసొచ్చేది కూడా ఎంతని? ఆరో నెలలో కట్టిస్తే పదకొండో నెలలో ఈత. పదో నెలలో కట్టిస్తే పదిహేనో నెలలో. తేడా నాలుగు నెలలు. మేక ఆరేడేళ్ళు ఈనే జీవం. ఆరేడేళ్ళ పాడిని నాలుగు నెలల కోసం పణంగా పెట్టడం లాభం కాదు.

"మా తాతల మందల్లో ఇవన్నీ చూశారా, మేకలు ఈనలేదా?" అనేది ఇంకో వాదన. ఈనాయి. చచ్చినవీ చచ్చాయి. వంద జీవాల మందలో నాలుగు తొలిచూళ్ళు పోతే మంద నిలబడుతుంది, లెక్కలోకి రాదు. రెండు మేకలున్న ఇంట్లో ఒకటి పోతే సగం ఆస్తి పోయినట్టు. మందకు చెల్లిన నిర్లక్ష్యం గుంజకు కట్టిన మేకకు చెల్లదు.

"మందలో పోతు తిరుగుతుంటే ఆపేదెలా?" అనేది న్యాయమైన ప్రశ్న. జవాబు ఉంది. పోతుపిల్లలు నాలుగో నెలకే చూలు కట్టించగలవు. కాబట్టి మూడో నెల నిండగానే వాటిని ఆడపిల్లల నుంచి విడదీయాలి. ఉంచుకోనక్కర్లేని వాటికి పశువుల ఆసుపత్రిలో విత్తులు కొట్టించాలి. వేరుగా కట్టే చోటు లేకపోతే, మేతకు తోలేటప్పుడు పెద్దపోతు పొట్ట కింద గోనెపట్టా వేలాడదీసి కట్టినా పని జరుగుతుంది. విడదీయడం ఇంకో కారణానికి కూడా అవసరం. విడదీయని మందలో ఆరు నెలల పిల్లకు దాటే పోతు చాలాసార్లు దాని తండ్రే, లేకపోతే తోడబుట్టినదే. అలా పుట్టినవి ఈతఈతకూ బక్కచిక్కుతాయి. రెండేళ్ళకోసారి పోతును మార్చండి, పక్క ఊరివాళ్ళతో అదలాబదలా చేసుకున్నా చాలు.

బరువు కావాలంటే దానికి పునాది పుట్టిన మొదటి గంటలోనే పడాలి. ఇక్కడ ఇంకో తప్పు మాటను కూడా తుంచేయాలి. మాయ పడేదాకా పిల్లకు పాలివ్వకూడదంటారు. మేక కడుపులో ఉండగా తల్లి రక్తం నుంచి పిల్లకు రోగనిరోధక శక్తి అందదు. అది అందేది ముర్రుపాలలోనే. పుట్టిన 24 గంటలు దాటితే పిల్ల పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. రెండు కిలోల పిల్లకు మొదటి రోజు 200 మిల్లీలీటర్లయినా పడాలి, మొదటి తడవ గంటలోపే. పైగా పిల్ల చన్ను కుడిస్తేనే మాయ త్వరగా జారుతుంది.

తర్వాత మూడు నెలలు పాలు పిల్లకు చాలాలి. ఇంటికి పిండుకునేవాళ్ళు ఒక చన్ను పిల్లకే వదిలేయండి. రెండో వారం దాటాక లేత ఆకు, గుప్పెడు దాణా ముందుంచండి. సుబాబుల్, అవిశ, కంది పొట్టు, శనగ పొట్టు మన దగ్గర కొదవ లేనివే. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు మించకూడదు, అందులో విషగుణం ఉంది. మందు కొట్టిన పత్తి చేలోకి తోలొద్దు. నట్టల మందు, చిటుక రోగానికీ పీపీఆర్‌కూ టీకాలు వేళకు వేయించండి. కట్టించే రెండు మూడు వారాల ముందు రోజుకు పావుకిలో దాణా అదనంగా పెడితే చూలు బాగా నిలుస్తుంది. నవంబర్, డిసెంబర్‌లో కట్టించకండి. రెంటచింతల పేరు రోజూ వార్తల్లో వినిపించే ఏప్రిల్, మే ఎండల్లో ఈనాల్సి వస్తుంది.

అలాగని మేకను ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచమని ఎవరూ అనడం లేదు. బరువు వచ్చాక కూడా తాత్సారం చేస్తే కొవ్వు పట్టి చూలు నిలవదు, తిన్న మేత దండగ. పోషణను బట్టి నాటు మేక ఎనిమిది నుంచి పన్నెండు నెలలకు, పెద్ద పాల జాతులు ఏడాది నుంచి ఏడాదింబావుకు సిద్ధమవుతాయి. ఆ వేళ దాటనివ్వకూడదు, అంతకు ముందు తొందరపడకూడదు.

పేట చుట్టుపక్కల మేకలు పెంచే అక్కలకు, అన్నలకు నా మనవి ఇది. ఈసారి పిల్ల ఎదకొచ్చి అరిస్తే పోతు దగ్గరికి తోలేముందు కాటా దగ్గరికి తీసుకెళ్ళండి. మూడింట రెండు వంతుల బరువు లేకపోతే ఆ ఎదను వదిలేయండి. అనుమానముంటే రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకులను అడగండి, బేరగాణ్ణి అడగొద్దు. వాడు మేకను ఒక్కసారి అమ్మి వెళ్ళిపోతాడు, మీరు ఆరేడేళ్ళు దానితో బతకాలి.